ఒక గదికి ఒక రోజు

రాజుల సొమ్ము రాళ్లపాలని తెలుగువారు వాడుకగా అంటారు గాని, హైదరాబాద్ రాజ్యంలో ఒక ఇంటి సొమ్ము మాత్రం జనం పాలైంది. అది నిజాముల దగ్గర దివానులుగా, అంటే ప్రధానమంత్రులుగా, పనిచేసిన సాలార్‌జంగ్ వంశపు ఇల్లు. సాలార్‌జంగ్ అనేది ప్రభువు ఇచ్చిన బిరుదు. ఆ బిరుదుతో ప్రసిద్ధులైన ముగ్గురిలో మొదటివాడు మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883లో కన్నుమూసేదాకా దివానుగా ఉండి, చిందరవందరగా ఉన్న రాజ్యపు రాబడి వ్యవహారాలను గాడిలో పెట్టగా, మూడవవాడు మీర్ యూసుఫ్ అలీఖాన్ ఆ పదవిలో రెండేళ్లు మాత్రమే ఉండి మిగిలిన జీవితాన్ని వస్తుసేకరణకు ధారపోశాడు. మూసీ దక్షిణపు ఒడ్డున దారుల్‌షిఫాలో ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలోని 40 వేలకు మించిన కళావస్తువులలో అధికభాగం ఈ మూడవ సాలార్‌జంగ్ చేతి మీదుగా వచ్చినవే. ఆ వంశానికి సింహాసనం లేకపోయినా, ఈ సంగ్రహం వెనుక ఉన్న ధనమూ అభిరుచీ మర్యాదలూ అన్నీ ఆస్థానానివే కాబట్టి దీనిని రాజసంగ్రహంగా ఎంచడంలో తప్పు లేదు.

యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్‌లో పుణెలో పుట్టిన నెల తిరగకముందే తండ్రి, రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయఖ్ అలీఖాన్, మరణించాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొలువులో 1912లో, ఇరవై మూడేళ్ల వయసులో, ప్రధానమంత్రి అయి, 1914లో ఆ పదవి వదులుకొన్న తరువాత, 1949 మార్చి 2న మరణించేదాకా దాదాపు 35 ఏళ్ల పాటు ఆయన పెళ్లి, సంసారం అనే మాట లేకుండా పుస్తకాలు, ఆయుధాలు, పింగాణీ, దంతపు పనులు, చిత్రాలు, గడియారాలు కూడబెడుతూనే గడిపాడు. ఐరోపా ప్రయాణాలలో కొన్నవి కొన్ని, వర్తకులు దివాన్ దేవిడీకి తెచ్చి చూపగా నచ్చి తీసుకొన్నవి కొన్ని. దేవిడీ అంటే ప్రభువర్గంలోని పెద్దలు నివసించే భవన సముదాయం. దివాన్ దేవిడీలో పింగాణీతో అలంకరించిన చీనీఖానా, అద్దాలు తాపిన ఆయినాఖానా వంటి మందిరాలు ఉండేవి. వచ్చిన వస్తువు ఇంట్లోనే ఉండేది గనుక, దానిని పొద్దుటి వెలుగులో ఒకసారి, దీపాల వెలుగులో ఒకసారి, మనసు బాగున్నప్పుడూ బాగులేనప్పుడూ, కొత్తగా వచ్చిన మరో వస్తువు పక్కన పెట్టీ చూసే అవకాశం ఆ యజమానికి ఉండేది. అలా 35 ఏళ్ల పాటు ఒక్కొక్కటిగా ఇంటికి చేరిన వస్తువులను రెండు గంటల్లో చూసి ముగించబోవడం, ఏడాది పంటను ఒక్క పూటలో తినబోవడమే అవుతుంది.

వారసులు లేని ఆ సంపద చెల్లాచెదురు కాకుండా నిలవడం హైదరాబాద్ అదృష్టం. అప్పటి పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఈ వస్తువులతో ఒక మ్యూజియం ఏర్పాటు చేయాలని తలపెట్టగా, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వివిధ భవనాలలో ఉన్న వాటిని ఒక క్రమంలో అమర్చాడు. 1951 డిసెంబర్ 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే దానిని ప్రారంభించాడు. బంధువుల ఒప్పుదలతో సంగ్రహం ప్రభుత్వపరమై, 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొంది, 1968లో ఇప్పటి భవనానికి తరలివచ్చింది. ఇంట్లో ఉన్నప్పుడు ఒకదాని పక్కన ఒకటి యజమాని ఇష్టప్రకారం ఉన్న వస్తువులు ఇక్కడ జాతి, దేశం, కాలం ప్రకారం గదులుగా విడిపోయాయి. ఇది చదువుకొనేవారికి మేలు చేసింది. కాని ఒక మనిషి అభిరుచి ఏ దారిలో నడిచిందో తెలుసుకోవాలనుకొనేవారికి ఆ దారి గదుల మధ్య గోడలలో కొంత చెరిగిపోయిందనీ ఒప్పుకోవాలి.

ఈ సంగ్రహాన్ని తలచుకొని మనసు పడే దూరపు ఊళ్లలో నారాయణఖేడ్ ఒకటి. సంగారెడ్డి జిల్లా వాయవ్యపు కొసన, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరగా ఉన్న ఈ పట్టణాన్ని చుట్టుపక్కలవారు పొట్టిగా ఖేడ్ అంటారు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు ఒకే సంతలో కలగలిసే ప్రాంతం ఇది. 2016 దాకా మెదక్ జిల్లాలోనూ, 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలోనూ, అంతకు ముందు నిజాం రాజ్యంలోనూ ఉండి, దివానుల పాలన ఎలా ఉంటుందో శిస్తు రూపంలో తరతరాలుగా తెలిసిన ప్రాంతం. ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు, అంటే ఊళ్లవారి మాటలో పట్నానికి, సుమారు 120 కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కి జోగిపేట, సంగారెడ్డి మీదుగా వెళ్లి మూసీ మధ్యన ఉన్న ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లో దిగితే, అదే నది ఒడ్డున ఉన్న మ్యూజియం కూతవేటు దూరమే.

అయినా ఖేడ్ నుంచి పట్నం వచ్చిన కుటుంబానికి ఆ ఒక్క రోజులో నూరు పనులు ఉంటాయి: ఆస్పత్రిలో పెద్దవారిని చూపించాలి, పెళ్లి బట్టలు కొనాలి, చార్మినార్ చూపిస్తామని పిల్లలకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, సాయంత్రం బస్సు తప్పిపోకూడదు. ఈ పనుల నడుమ మ్యూజియం, మధ్యాహ్నపు భోజనానికీ లాడ్‌బజారు గాజులకూ మధ్య ఇరుకుతుంది. బడి పిల్లల విహారయాత్రలోనైతే ముందువాడి భుజం పట్టుకొని వరుసలో నడవడమే చూడటం అనిపించుకొంటుంది; కత్తుల గదిలో కాలు నిలవబోయిన పిల్లవాడిని వెనుక వరుస ముందుకు నెడుతుంది. చెరకు కోతల కాలంలో తండాలకు తండాలే వలస వెళ్లే ప్రాంతం గనుక తీరిక అనేది ఇక్కడివారికి కలవారి విలాసంగా కనబడటం సహజమే. కాని చూడాలనే కోరిక కలవారి సొత్తు ఎన్నడూ కాలేదు. జాతరలో బొమ్మల దుకాణం ముందు కదలకుండా నిలబడిపోయే బిడ్డను చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

జనానికి నిదానం లేదనే మాట తరచు వినబడుతుంది. అది అబద్ధమని ఆ మ్యూజియంలోని గడియారమే గంటగంటకూ రుజువు చేస్తుంది. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ తయారుచేసిన ఆ పెద్ద గడియారంలో గంట కొట్టవలసిన సమయానికి ముందే గడ్డం ఉన్న ఒక చిన్న బొమ్మ తలుపు తెరుచుకొని బయటికి వచ్చి, గంటలు ఎన్నయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. మరో పక్కన కమ్మరి బొమ్మ ఒకటి సుత్తి దెబ్బలతో క్షణాలను లెక్కపెడుతుంటుంది. పన్నెండు గంటలకైతే పన్నెండు దెబ్బలు గనుక అప్పుడు చేరే గుంపు ఎక్కువ. చంకలో పిల్లలున్న తల్లులు, ముసలివారు, కళాశాల విద్యార్థులు, అంతదాకా గదుల వెంట పరుగులు తీసినవారే, ఆ గడియారం ముందు కూర్చొని ఎవరూ చెప్పకుండానే మాటలు తగ్గించి ఎదురుచూస్తారు. ఏదో జరగబోతున్నదని తెలిస్తే జనం ఆగుతారు. మిగిలిన గదులలోనూ జరిగేది ఉంది. అయితే అది చూసేవారి కంటిలో మెల్లగా జరుగుతుంది, దానికి వేళ చెప్పే గంట లేదు.

మేలిముసుగు రెబెక్కా ముందు కూడా జనం ఆగుతారు. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చలువరాతిలో చెక్కిన ఈ స్త్రీమూర్తిని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. రాతిలోనే పలుచని ముసుగు, ముసుగు వెనుక ముఖం కనబడేటట్లు చేసిన పనితనం ఎవరినైనా ఆశ్చర్యపరుస్తుంది. అయితే ఆ ఆశ్చర్యం మొదటి నిమిషంలోనే నిండుగా అందుతుంది, తరువాత అంతగా పెరగదు. నిలబడిన కొద్దీ పెరిగే వస్తువులు వేరే గదిలో ఉన్నాయి, ఖేడ్ నుంచి వచ్చేవారు వెతుక్కొని వెళ్లవలసినది ఆ గదికే.

అది బీదరీ పనుల గది. బీదరీ అంటే నల్లని లోహపు పాత్ర మీద వెండితో పొదిగిన నగిషీ పని. పేరు బీదర్ పట్టణం నుంచి వచ్చింది. ఆ బీదర్ ఖేడ్‌కు పొరుగూరే: పటం మీద గీత గీస్తే సుమారు 30 కిలోమీటర్లు, మధ్యలో మంజీర నది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో బీదర్ కన్నడ రాష్ట్రంలోకి, ఖేడ్ తెలుగు రాష్ట్రంలోకి వెళ్లాయి గాని, అంతదాకా రెండూ ఒకే రాజ్యపు ఊళ్లు. బియ్యం బేరాలూ పెళ్లి సంబంధాలూ సరిహద్దు గీతను పట్టించుకోవు. అందువల్ల చైనా పింగాణీ ముందు, ఫ్రెంచి కుర్చీల ముందు బెరుకుగా నిలబడే ఖేడ్ మనిషి ఈ గదిలో చుట్టరికం కలుపుకోవచ్చు.

పని జరిగే తీరు తెలిస్తే చూపు తనంతట తానే నెమ్మదిస్తుంది. తుత్తునాగం, అంటే జింకు, పదహారు వంతులకు రాగి ఒక వంతు చొప్పున కరిగించి, ఆముదమూ గుగ్గిలమూ కలిపి మెదిపిన మట్టి అచ్చులో పోస్తారు. అచ్చు నుంచి వచ్చిన పాత్ర మొరటుగా, బూడిదరంగులో ఉంటుంది. దానిని ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తపు నీళ్లు పూస్తే పైపైన నలుపెక్కుతుంది. ఈ తాత్కాలికమైన నలుపు మీద సన్నని మొన గల ఉలితో గీతలు గీస్తే అడుగునున్న లోహం తెల్లగా మెరిసి బొమ్మ కనబడుతుంది. తరువాత ఆ గీతలను గాడులుగా తవ్వి, వాటిలో వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొట్టి దిగేస్తారు. తీగ పొదిగే ఈ పద్ధతిని తార్‌కషీ అంటారు. తీగకు బదులు పూరేకుల ఆకారంలో కత్తిరించిన వెండి రేకును లోతుగా దిగగొడితే అది తెహ్‌నిషాన్. నేల అంతా వెండి రేకే పరచి, పువ్వులూ తీగలూ ఉన్నచోట రేకు కోసివేసి, బొమ్మే నల్లగా కనబడేటట్లు చేస్తే అది ఆఫ్తాబీ. అరగదీసి మెరుగు పెట్టేసరికి మొదటి నలుపు పోయి, వెండీ లోహమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చేసిన పనంతా దాదాపు మాయమవుతుంది.

ఆ మాయమైన పనిని మళ్లీ రప్పించేది మట్టి. బీదర్ కోటలో ఎండా వానా సోకని పాత భాగాల నుంచి తెచ్చిన మట్టిని నవాసారంతో కలిపి నీటిలో మరిగించి, వేడిచేసిన పాత్రను అందులో ముంచి రుద్దితే, జింకూ రాగీ కలిసిన లోహం మాసిపోని నలుపుగా మారుతుంది, వెండికి మాత్రం ఏమీ కాదు. ఏ మట్టి పనికి వస్తుందో నాలుక మీద వేసుకొని చెప్పగల పనివారు ఇప్పటికీ బీదర్‌లో ఉన్నారు. చివరికి నూనె చుక్కతో తుడిస్తే, అమావాస్య నాటి నలుపు మీద వెండి పూలు నిలుస్తాయి.

ఇంతా తెలుసుకొని ఒక హుక్కా పాత్ర ముందు నిలబడితే, అంటే పొగ చల్లబడటానికి నీళ్లు పోసే అడుగు పాత్ర ముందు నిలబడితే, పేరూ ఊరూ శతాబ్దమూ చెప్పే పేరుచీటీతో పని తీరదు. మొదట ఆకారం చూడాలి. కుండ వలె గుండ్రంగా ఉండి, నిలవడానికి కింద చుట్టకుదురు కావలసినవి సాధారణంగా 17వ శతాబ్దివి. గంట ఆకారంలో అడుగు వెడల్పై తమంతట తామే నిలిచేవి ఆ తరువాతివి. పిమ్మట పువ్వు చూడాలి: నల్లమందు పువ్వు ఒక్కొక్క కొమ్మగా విడివిడిగా నిలుచున్నదా, తీగలో తీగై పాత్ర చుట్టూ పాకిందా, కింద ఒక చిన్న గుట్టలాంటి నేల ఆ మొక్కకు ఉన్నదా. ఆపైన తప్పులు చూడాలి. గుండ్రటి ఒంటి మీద ఒకే కొలత పువ్వులు చుట్టివచ్చేసరికి ఎక్కడో ఒకచోట ఇరుకు తప్పదు; ఆ ఇరుకులో పనివాడు ఒక ఆకును ఎలా పక్కకు వంచాడో, ఒక రేకును ఎలా కుదించాడో పట్టుకోవడానికి పాత్ర చుట్టూ తిరగాలి, గాజు మీది వెలుగు కళ్లకు అడ్డు తగలని కోణం వెతుక్కోవాలి. కొన్నిచోట్ల తీగ ఊడిపోయి గాడి మాత్రమే మిగిలి ఉంటుంది, రెండు మూడు వందల ఏళ్ల నాటి ఉలి నడక అక్కడ బోసిగా కనబడుతుంది. పేరులేని ఆ పనివాడు బుద్ధిని ఎక్కడ వాడాడో ఆ గాడి చెబుతుంది, బాగా నిలిచిన వెండి కంటే స్పష్టంగా చెబుతుంది.

ఈ నలుపు తెలుపుల అభిరుచి పాత్రలలోనే పుట్టిందా అనే ప్రశ్న వచ్చినవారు తరువాతి సెలవునాడు మంజీర దాటి బీదర్ కోటకు వెళ్లాలి. బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని 15వ శతాబ్దిలో అక్కడికి మార్చాడు. బహమనీల తరువాత వచ్చిన బరీద్ షాహీలలో అలీ బరీద్, 1542 నుంచి 1580 దాకా ఏలినవాడు, కోటలోని రంగీన్ మహల్‌ను తీర్చిదిద్దాడు. ఆ మహలు గోడలలో నల్లరాతిని గాడులు తీసి ముత్యపుచిప్ప ముక్కలు పొదిగారు. రాయికి బదులు లోహమూ, చిప్పకు బదులు వెండీ పెడితే అదే బీదరీ. బహమనీల కాలంలో ఇరాన్ నుంచి వచ్చిన పనివాడొకడు ఈ విద్య నేర్పాడని బీదర్‌లో తరతరాలుగా చెప్పుకొంటారు. ఆ కథ ఎలా ఉన్నా, గోడ మీద చిప్పను చూసిన కన్ను గాజు వెనుక వెండిని మునుపటి వలె చూడదు.

ఇంత నిదానం ఒక నవాబు సొమ్ము మీద పెట్టడం తగునా అని అడిగేవారు ఉంటారు, అడగవలసిన ప్రశ్నే. సాలార్‌జంగ్ ఎస్టేటు జాగీరుల మీద నడిచింది. జాగీరు అంటే కొలువుకు ప్రతిఫలంగా గ్రామాల శిస్తును అనుభవించే హక్కు. నేటి కర్ణాటకలోని కొప్పళ ఆ వంశపు జాగీరే. దక్కను రైతు చెమటలో ఒక వంతు పింగాణీగా, దంతంగా, చలువరాయిగా మారి మూసీ ఒడ్డుకు చేరింది. మూడవ సాలార్‌జంగ్ మరణించిన అయిదు నెలలకే, 1949 ఆగస్టులో, హైదరాబాద్‌లో జాగీరుల రద్దు శాసనం వచ్చింది. ఈ లెక్క మరచిపోకూడదు. మరచిపోనివారికే ఆ గదులలో ఎక్కువసేపు నిలబడే అధికారం ఉంది. శిస్తు కట్టినవారి మనుమలూ మునిమనుమలూ తమ తాతలు ఖరీదు చెల్లించిన వస్తువుల ముందు అతిథుల వలె ఒదిగి, గబగబా నడిచి బయటపడవలసిన పని లేదు.

నిజాము నగల విషయంలో ఈ తీరుబడి కోరినా దొరకదు. నిజాముల ట్రస్టుల నుంచి భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగలు, 184.75 క్యారట్ల జాకబ్ వజ్రంతో సహా, రిజర్వు బ్యాంకు భద్రతలో ఉంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లో, 2006లో ప్రదర్శించినప్పుడు హైదరాబాద్ వాటిని చూసింది, 2019లో ఢిల్లీ చూసింది. వాటిని ఇక్కడే శాశ్వతంగా ఉంచాలన్న కోరిక న్యాయమైనది, అది నెరవేరేదాకా ప్రభుత్వాల దగ్గర అడుగుతూనే ఉండాలి. ఉన్న సంగ్రహానికి ఆ అడ్డంకి లేదు: శుక్రవారం సెలవు, తక్కిన రోజుల్లో తలుపులు తెరిచే ఉంటాయి. ఖేడ్ నుంచి వచ్చేవారు మానుకోవలసినది ఒక్కటే, టిక్కెట్టు కొన్నందుకు అన్ని గదులూ చూసి తీరాలనే పట్టుదల. పిల్లల బడులు కూడా యాత్రను ఒక గదికి కుదించి, వెళ్లడానికి వారం ముందే తరగతిలో ఆ గది సంగతి చెప్పి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క వస్తువు అప్పగించి బొమ్మ గీయమంటే, వరుస తోపులాట దానంతట అదే తగ్గుతుంది.

మొదటి ప్రయాణం బీదరీ గదికి పోతే, రెండవ ప్రయాణానికి జేడ్ రాయి గది తగినది. నూర్జహాన్, జహంగీర్‌ల కత్తులు, షాజహాన్ విలుకాడి ఉంగరం, ఢిల్లీ సుల్తాను అల్తమష్ పేరు చెక్కిన పుస్తక పీఠం అక్కడి ప్రసిద్ధ వస్తువులు. జేడ్ అంటే ఆకుపచ్చ నుంచి పాలతెలుపు దాకా రంగులున్న గట్టి రాయి. ఉక్కు ఉలికి లొంగదు గనుక దానిని చెక్కరు, తనకంటే గట్టిదైన పొడిని నీళ్లతో కలిపి నెలల తరబడి అరగదీస్తారు.